ఆంగ్లికన్ దైవశాస్త్రం, సంఘ చరిత్ర: నల్లగొండ, పాలమూరు విద్యార్థి ఎలా చదవాలి

నల్లగొండలోనో దేవరకొండలోనో ఉంటూ ఆంగ్లికన్ సంప్రదాయాన్ని, అంటే ఇంగ్లండు సంఘం నుంచి వచ్చిన క్రైస్తవ సంప్రదాయాన్ని, అధ్యయనం చేయాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది, ఆ సంప్రదాయం చుట్టుపక్కల అంతగా కనబడకపోవడమే. నల్లగొండలో బాప్టిస్టులు, పాలమూరు, వనపర్తి, గద్వాల వైపు మెన్నోనైట్ బ్రదరెన్ వారు, మెదక్ ప్రాంతంలో వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. తెలంగాణలో ఆంగ్లికన్ల సేవకు ముఖ్య కేంద్రం దోర్నకల్. అయినా, ఆంగ్లికన్లూ మరికొన్ని సంఘాలూ కలిసి ఏర్పడిన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో ప్రతి ఆదివారం చేతికి అందే ఆరాధన క్రమంలో ఆ సంప్రదాయం సజీవంగానే ఉంది. అధ్యయనాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

దీనికి బలమైన కారణం ఉంది. లూథరన్లకు లూథర్, రిఫార్మ్‌డ్ సంఘాలకు కాల్విన్ ఉన్నట్టుగా ఆంగ్లికన్లకు ఒకే మూలగురువు లేడు. 1534లో ఎనిమిదో హెన్రీ ఇంగ్లండు సంఘానికి తానే అధిపతినని చట్టం చేయించుకున్నాడు గానీ, ఆ సంఘం ఏమి నమ్ముతుందో స్థిరపడింది ఆ చట్టంతో కాదు, ఆరాధన క్రమాలున్న ప్రార్థన గ్రంథంతో. ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ నాయకత్వంలో 1549లో మొదటి ప్రార్థన గ్రంథం, 1552లో రెండోది వెలువడ్డాయి. ఎలిజబెత్ కాలంలో 1559లో అది మళ్లీ సవరణ పొందింది. తరువాతి వారికి ప్రమాణంగా నిలిచింది 1662 నాటి ప్రతి.

ఈ ప్రతులను పక్కపక్కన పెట్టుకుని, ప్రభురాత్రి భోజనంలో రొట్టె అందించేటప్పుడు గురువు పలికే మాటలను మాత్రమే ముందుగా పోల్చి చూడండి. 1549లో ఆ మాటలు, నీ కోసం అర్పించబడిన క్రీస్తు శరీరం నీ దేహాన్నీ ఆత్మనూ నిత్యజీవానికై కాపాడును గాక అని సాగుతాయి. 1552లో వాటిని తీసివేసి, క్రీస్తు నీ కోసం మరణించాడని జ్ఞాపకం చేసుకుంటూ దీన్ని తీసుకుని తిను, విశ్వాసంతో నీ హృదయంలో ఆయనను ఆరగించు అన్న భావంతో కొత్త వాక్యం పెట్టారు. 1559లో ఏదీ వదలకుండా రెండింటినీ కలిపి ఒకదాని వెంట ఒకటి ఉంచారు. రొట్టెలో క్రీస్తు నిజంగా ఉన్నాడా, లేక అది జ్ఞాపకార్థమేనా అని ప్రాణాలు తీసేంత తీవ్రమైన వివాదం నడుస్తున్న రోజులవి. 1556లో క్రాన్మర్‌నే ఆక్స్‌ఫర్డులో సజీవంగా దహనం చేశారు. అటువంటి కాలంలో రెండు పక్షాలవారూ ఒకే బల్ల దగ్గర మోకరించగలిగేలా ఆ రెండు వాక్యాలు నిలిచాయి. ఈ ఒక్క పోలికను ఒక సాయంత్రమంతా కూర్చుని స్వయంగా రాసుకున్న విద్యార్థికి, ఆంగ్లికన్లు భేదాభిప్రాయాలను ఎలా మోస్తారో స్పష్టంగా అర్థమవుతుంది.

ఆ తరువాత ఇంగ్లండు సంఘ విశ్వాసాన్ని చెప్పే 1571 నాటి ముప్పై తొమ్మిది సూత్రాలను చదవాలి. మన ప్రాంతంలో ఇరవై ఏడో సూత్రం దగ్గర ఎక్కువసేపు ఆగక తప్పదు, ఎందుకంటే చిన్నపిల్లల బాప్తిస్మాన్ని సంఘంలో కొనసాగించాలని చెప్పేది అదే. పక్కింటి బాప్టిస్టు లేదా మెన్నోనైట్ సహోదరులు మనల్ని మొట్టమొదట అడిగేదీ దాని గురించే. వాదానికి దిగకముందే వారి వాదాన్ని వారి నోటనే పూర్తిగా విని, వారు ఒప్పుకునే విధంగా రాసిపెట్టుకోవడం మంచి పద్ధతి. రిచర్డ్ హుకర్ 1593 నుంచి ప్రచురించిన సంఘ పరిపాలన గ్రంథం కఠినమైనదే. లేఖనంలో ఆజ్ఞ లేని ఆచారమేదీ సంఘంలో ఉండరాదన్న ప్యూరిటన్లకు ఆయన ఓర్పుతో ఇచ్చిన జవాబును మాత్రం వదిలిపెట్టకండి.

చరిత్ర చదివేటప్పుడు తేదీలన్నీ బట్టీపట్టే బదులు, బిషప్పు పదవి అవసరమా అన్న ఒక్క ప్రశ్నను చివరిదాకా వెంబడించండి. 1833లో మొదలైన ఆక్స్‌ఫర్డు ఉద్యమం బిషప్పుల అపొస్తలిక పరంపరను, అంటే అపొస్తలుల నుంచి తెగకుండా వస్తున్న అభిషేక వరుసను, సంఘానికి ప్రాణంగా చూసింది. 1888లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ మహాసభ సంఘ ఐక్యతకు లేఖనాలు, విశ్వాస ప్రమాణాలు, రెండు సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం), ఆయా దేశాలకు తగినట్టుగా మలచుకున్న చారిత్రక బిషప్పు పదవి అనే నాలుగింటిని ఆధారంగా ప్రకటించింది. 1919లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దక్షిణ భారత సంఘాల మధ్య మొదలైన ఐక్యతా చర్చలు ఆ నాలుగు అంశాల మీదే నడిచాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐ ఏర్పడినప్పుడు, ఇకపై అభిషేకాలన్నీ బిషప్పుల చేతనే జరగాలనీ, అప్పటికే సేవలో ఉన్న ఇతర సంఘాల పాస్టర్లకు మళ్లీ అభిషేకం అవసరం లేదనీ నిశ్చయించారు. ఇంగ్లండులో కొందరు దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. తరంగంబాడి చర్చల్లో ముందు నిలిచిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తులై దోర్నకల్ బిషప్పు అయిన వ్యక్తి. 1945 జనవరి 1న కన్నుమూసిన ఆయన ఆ ఐక్యతను చూడలేకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. కాజీపేట, విజయవాడ మార్గంలోని దోర్నకల్ జంక్షన్‌లో దిగి, గోపురాలూ మినార్లూ కలిసిన ఆయన కెథడ్రల్‌ను ఒకసారి తప్పక చూడండి.

పట్టా కావాలనుకునేవారికి హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల దగ్గరిది; నల్లగొండ నుంచి సికింద్రాబాదుకూ, మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకూ రైళ్లున్నాయి. 1964లో రాజమండ్రిలో స్థాపితమైన ఆ కళాశాల తరువాత హైదరాబాదుకు తరలింది, వేదాంత పట్టాలిచ్చే శ్రీరాంపూర్ సెనేటుకు అనుబంధంగా బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదువు చెబుతుంది. ప్రవేశానికి మీ సంఘ పాస్టరుగారితో ముందే మాట్లాడుకోండి.

ఇంటి దగ్గరే ఉండి చదివేవారు తమ గుడిలోని పాత బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను మరచిపోకూడదు. పాస్టరుగారి అనుమతి తీసుకుని, ఆయన ఎదుటనే తెరిచి, ఊరి పేరు, సంవత్సరం, సంస్కారం జరిపించిన వారి పేరు, పుట సంఖ్య మాత్రం నోటు పుస్తకంలోకి ఎక్కించండి. కుటుంబాల వ్యక్తిగత వివరాలను బయట పెట్టకండి. పెళుసుబారిన కాగితాలను గట్టిగా మడవకండి, వాటికి టేపు అంటించకండి. పొడి గుడ్డలో చుట్టి, చెదలు చేరని ఇనుప బీరువాలో పెట్టించండి.