పాసమ్ రాస్: దాక్కుందా, జబ్బు పడిందా?

పాసమ్ రాస్ తెచ్చుకున్నవాళ్లకు మొదటి వారంలోనే టెన్షన్ పట్టుకుంటుంది: అసలు చేప ఎక్కడుంది? ఇది ఉప్పునీటి ట్యాంకుల్లో పెంచే, పెద్దదైనా 8 సెంటీమీటర్లు దాటని ఎర్రగోధుమ రంగు చేప. ఒంటి మీద సన్నటి లేత చారలు, రెక్కల మీద కన్నులాంటి నల్లమచ్చ. కోరల్స్ (పగడాలు) జోలికి పోదు, తోటి చేపలతో గొడవ పడదు. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా పగడపు దిబ్బల గుహల్లో, రాతి సందుల్లో మెల్లగా తేలుతూ చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్ని ఏరుకుని తింటుంది. దీనికి వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం ఈ స్వభావం మరిచిపోవడం వల్ల వచ్చేవే. అందుకే మందు సీసా దగ్గరికి ఆఖర్న వెళ్దాం.

చేప కనిపించడం లేదు

కొత్తగా వదిలిన చేప వారం, పది రోజులు కనిపించకపోతే అది జబ్బు కాదు. రాళ్లు మాత్రం పీకకండి. అలా వెతికితే దొరికే చేప కంటే నలిగిపోయే చేపలే ఎక్కువ. లైట్లు ఆరిన గంట తర్వాత ఎర్ర కాంతి టార్చితో సందుల్లోకి చూడండి. పొద్దున లైట్లు వెలిగే ముందు కూడా ఓసారి చూడండి. అప్పటికీ జాడ లేకపోతే ఓవర్‌ఫ్లో పెట్టె (నీరు పొర్లి కిందికి దిగే గది), సంప్‌లోని (నీటిని శుభ్రం చేసే కింది తొట్టిలోని) ఫిల్టర్ సాక్ (వడపోత సంచి), ట్యాంకు వెనక నేల చూడాలి. అమ్మోనియా కూడా కొలవండి. చిన్న ట్యాంకులో చేప చచ్చి కుళ్లితే అది పెరగొచ్చు. కానీ రీడింగ్ సున్నా వచ్చినంత మాత్రాన చేప బతికే ఉందని కాదు, పీతలు, పురుగులు శవాన్ని రాత్రికి రాత్రే తినేయగలవు.

వారాలు గడిచినా బయటికి రాకపోతే రెండు కారణాలు ఆలోచించాలి. ఒకటి, రాళ్లు గోడలా పేర్చి ఉన్నాయి, దూరి తిరగడానికి గుహలు లేవు. రెండు, ఎవరో తరుముతున్నారు. మొదటిదైతే రాళ్ల అమరిక మార్చి, కొన్నాళ్లు లైటు తగ్గించండి. రాస్ కదా, ఇసుక లోతుగా పోయండని షాపులో చెప్తారు. ఇసుకలో దూరి పడుకునే హాలికోరస్ రకం రాస్‌లకు ఆ మాట నిజం. ఇది ఇసుకలో దూరదు, రాతి సందులోనే పడుకుంటుంది.

రెక్కలు చిరిగాయి, మూలకు చేరింది

తరిమేది చాలాసార్లు సిక్స్‌లైన్ రాస్, డాటీబ్యాక్ లేదా డామ్సెల్ లాంటి దూకుడు చేప. ఇవి ఉన్న ట్యాంకులో తర్వాత వచ్చిన పాసమ్‌కు బతుకు కష్టమే. చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో దాన్ని అదే ట్యాంకులో కొన్ని రోజులు ఉంచి, మిగతావి అలవాటు పడ్డాక వదలొచ్చు. డామ్సెల్ విషయంలో ఇది ఒక్కోసారి పనిచేస్తుంది. సిక్స్‌లైన్ విషయంలో నాకు నమ్మకం లేదు, దాన్ని వేరే ట్యాంకుకు పంపేయడమే మేలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాసమ్‌నే ముందు వదలండి, దూకుడు చేపలు తర్వాత.

కడుపు లోపలికి పోయింది

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మేత పడగానే క్లౌన్ చేపలు ఎగబడి ఖాళీ చేసేస్తాయి, పాసమ్ తీరిగ్గా వచ్చేసరికి ఏమీ మిగలదు. ఎండు పెల్లెట్లు చాలావరకు ముట్టదు కూడా. పక్క నుంచి చూసినప్పుడు కడుపు గీత వెన్ను వైపు లోపలికి వంగి ఉంటే ఆకలి ముదిరినట్టే.

ముందు మిగతా చేపలకు ట్యాంకు ఒక చివర మేత వేయండి. పంపులు పది నిమిషాలు ఆపి, గడ్డకట్టిన మైసిస్‌ను (చిన్న రొయ్యల్లాంటి మేత) కరిగించి, సన్నగా తరిగి, పొడవాటి పిపెట్‌తో గుహ నోటి దగ్గర వదలండి. రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా. పంపులు మళ్లీ వేయడం మరిచిపోకండి! మైసిస్ కూడా ముట్టకపోతే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య) పిల్లల్ని ఇవ్వండి. ఆ గుడ్లు వెచ్చటి ఉప్పునీటిలో గాలి బుడగలు పెడితే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. కదిలే మేతను చూస్తే మొండి చేప కూడా నోరు తెరుస్తుంది.

కొత్త ట్యాంకులో రాళ్ల మీద కోపెపాడ్లు (ఇది ఏరుకుని తినే సన్నటి రొయ్యజాతి జీవులు) ఉండవు, ఉన్నా త్వరగా అయిపోతాయి. సంప్‌లో కీటో నాచు పెంచితే అవి అక్కడ చేప నోటికి దొరక్కుండా పెరుగుతాయి. చిన్న ట్యాంకులో మాండరిన్ చేపను దీనితో కలపకండి, ఇద్దరి కంచమూ ఒక్కటే.

బాగా తింటూ కూడా వారాల తరబడి సన్నబడుతూ, తెల్లటి దారాల్లాంటి మలం వేస్తుంటే పేగుల్లో పరాన్నజీవుల్ని అనుమానించాలి. అప్పుడు వేరే ట్యాంకులోకి మార్చి, మందు కలిపిన మేత పెట్టాలి.

వేగంగా ఊపిరి తీస్తోంది

ముందు కొలవండి: అమ్మోనియా సున్నా, ఉష్ణోగ్రత 25-26 డిగ్రీలు, లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాల నీటికి 35 భాగాల ఉప్పు) దగ్గర. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో నీరు సులువుగా 30 దాటుతుంది, వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. పంపు మూతిని పైకి తిప్పి నీటి ఉపరితలం కదిలేలా చేయండి, ఫ్యాన్ పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఫ్యాన్ ఫలితం తక్కువ, నీటిని చల్లబరిచే చిల్లర్ కావాల్సి రావచ్చు. ఫ్యాన్‌తో నీరు ఆవిరైనా ఉప్పు అలాగే ఉండిపోతుంది కాబట్టి తగ్గినంత మేర ఉప్పు లేని ఆర్‌ఓ (ఫిల్టర్ చేసిన) నీళ్లే పోయాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గరుంచుకోండి.

నీరు బాగానే ఉండి, ఒంటి మీద ఉప్పురవ్వల్లాంటి చుక్కలుంటే ఇక్ అనే పరాన్నజీవి జబ్బు. సన్నటి పిండి చల్లినట్టుంటే వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు, అది చాలా త్వరగా చంపేస్తుంది. రెండింటికీ రాగి మందు వేరే ట్యాంకులోనే వాడాలి. మెయిన్ ట్యాంకులో వేస్తే రొయ్యలు, నత్తలు, కోరల్స్ పోతాయి. రాస్‌లు రాగిని అంతగా తట్టుకోలేవు, మోతాదు ఒకేసారి కాకుండా కొన్ని రోజుల్లో మెల్లగా పెంచండి. ఇక్ వచ్చిన ట్యాంకును చేపలు లేకుండా దాదాపు 11 వారాలు ఖాళీగా ఉంచాలి.

నేల మీద దొరికింది

బెదిరిన రాస్ దూకుతుంది. ఆరు మిల్లీమీటర్ల కళ్లున్న వల మూత బిగించండి. పైపులు, వైర్లు దూరే మూలలు కూడా మూయాలి, చేప సరిగ్గా అక్కడి నుంచే బయటపడుతుంది. కింద పడ్డ చేప తడిగా ఉండి, మొప్పలు కాస్తైనా కదులుతుంటే తడి చేత్తో తీసి, చిల్లుల పెట్టెలో పెట్టి ట్యాంకులో నీటి ప్రవాహం దగ్గర ఉంచండి.