కత్తికి సాన – మూడో పాఠం: ఉబ్బు అంచు

గత పాఠంలో రాయి మీద కత్తిని ఒకే వాలులో పట్టుకుని, అవతలి వైపు సన్నటి ఇనప పొర తేలేదాకా రుద్దాం. అలా వచ్చేది రెండు చదునైన వాలులు కలిసే అంచు. కూరగాయలకి అది చాలు. కొబ్బరి బోండాలు కొట్టే కత్తికీ, కట్టెలు నరికే కత్తికీ మాత్రం కుంభాకార అంచు, అంటే బయటికి ఉబ్బినట్టుండే అంచు, మేలు.

ఎందుకంటే, చదునుగా సానపట్టిన కత్తికి వాలు మొదలయ్యే చోట ఒక గట్టు ఉంటుంది. కట్టెలోకి దిగేటప్పుడు పట్టేసేది అదే. ఆ గట్టును అరగదీసి, రెండు వైపులా బాదంపప్పు మొనలా నెమ్మదిగా ఒంపు తిరిగేలా చేస్తాం. గట్టు పోతుంది, వాదర (కత్తి కోసే పదునైన అంచు) వెనక బలం మిగులుతుంది.

రాయి గట్టిది, దాని మీద ఈ ఒంపు సులువుగా రాదు. అందుకే మెత్తటి ఆధారం కావాలి. పాత మౌస్ ప్యాడ్ మీద వాటర్ పేపర్ (తడిపి కూడా వాడుకోగల గరుకు కాగితం) పరిచి, కదలకుండా క్లిప్పులు పెట్టండి. హార్డ్‌వేర్ షాపులో 320, 600, 1000 నంబర్లవి అడగండి; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. బోండాల కత్తికి 600 దగ్గర ఆపేసినా నష్టం లేదు. దానికి అద్దంలాంటి మెరుపు దండగ అని నా అభిప్రాయం.

ముందుగా వాలు మీద మార్కర్‌తో నల్లగా పూయండి. కత్తిని 320 కాగితం మీద పడుకోబెట్టి, వాదర కాగితానికి ఆనేవరకు వెన్ను (పదును లేని మందపాటి వైపు) కొద్దిగా ఎత్తండి. ఇప్పుడు వెన్ను ముందు, వాదర వెనక ఉండేలా లాగండి. వాదరను ముందుకు తోశారో, కాగితం చీలిపోతుంది.

నాలుగైదు సార్లు లాగాక రంగు చూడండి. గట్టు దగ్గరే పోయిందా? వెన్ను ఇంకాస్త ఎత్తాలి. వాదర దగ్గరే పోయిందా? బాగా ఎత్తేశారు, దించండి.

చాలామందికి ఇక్కడే చెడుతుంది: పదును త్వరగా రావాలని అదిమేస్తారు. అదిమితే రబ్బరు కుంగి, కాగితం పైకి లేచి వాదరను చుట్టేస్తుంది. అప్పుడు పదును బదులు మొండితనం వస్తుంది. కత్తి బరువుకి తోడు వేళ్ల ఆనింపు చాలు. లాగడం పూర్తయ్యాక వెన్ను పైకి తిప్పుతూ లేపినా ఇదే జరుగుతుంది. కత్తిని ముందు ఆపి, తర్వాత నిటారుగా ఎత్తండి.

అవతలి వైపు పొర తేలిందేమో బొటనవేలితో చూడండి. వేలు వెన్ను నుంచి వాదర వైపు జారాలి, వాదర పొడవునా మాత్రం ఎప్పుడూ కాదు. గరుకుగా తగిలితే కత్తి తిప్పి రెండోవైపు రుద్దండి. తర్వాత 600 మీద మారుస్తూ, ఒక్కో వైపు ఒక్కోసారి, ఇంకా తేలిగ్గా.

చివరగా లైటు కింద వాదరను మీ వైపు తిప్పి చూడండి. ఎక్కడైనా తెల్లటి గీత మెరిస్తే అక్కడ ఇంకా మొండిగానే ఉన్నట్టు.

కత్తిపీటకి పని తిరగేసి చేయాలి: కాగితం చుట్టిన రబ్బరు ముక్కనే అలుగు (పీటకి బిగించిన కత్తి) మీద వెన్ను నుంచి వాదర వైపు నడపాలి. దాని సంగతి, మిగిలిపోయిన పొరను తోలు బెల్టు మీద తీసేయడం వచ్చే పాఠంలో.