జీపీఏ ఉంది కదా అని ఊరుకోకండి

మా నాన్నకి స్ట్రోక్ వచ్చి ఐసీయూలో ఉన్నప్పుడు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున పనులు చూసే అధికారం నాకు రాసిచ్చిన కాగితం) పట్టుకుని బ్యాంకుకెళ్లాను, ఎప్పుడో రిజిస్టర్ చేయించిందే. మేనేజర్ గారు రెండు పేజీలు తిప్పి "నాన్నగారు స్పృహలో ఉన్నారా బాబూ" అని అడిగారు, లేరండీ అన్నాను, కాగితం మళ్లీ నా చేతిలోనే పెట్టేశారు.

ఆయన తప్పేం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి పోతే ఆ పవర్ కూడా అక్కడితో పోతుంది. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది, అది అలాంటప్పుడు కూడా పనిచేస్తుంది, అందుకే అక్కడున్న మన పిల్లలు ఇక్కడా అంతే అనుకుంటారు. కాదు.

అందుకని పెద్దాళ్లు బాగున్నప్పుడే ముందు బ్యాంకు పని చూడండి. అకౌంట్‌లో మీ పేరో అమ్మ పేరో కలిపి "ఐదర్ ఆర్ సర్వైవర్" పెట్టించండి, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయొచ్చు; "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అని టిక్ పెడితే మొదటివాళ్లు బతికున్నంతకాలం రెండోవాళ్లు తీయలేరు. ఎఫ్‌డీ అయితే గడువు తీరాక ఒకరి సంతకం చాలు, మధ్యలో తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడగొచ్చు, కాబట్టి హాస్పిటల్ ఖర్చుకని కొంత సేవింగ్స్‌లోనే ఉంచండి. నామినీ ఉన్నారుగా అంటారు చాలామంది, నామినీ పని మనిషి పోయాకే.

మతి బాగానే ఉండి చెయ్యి మాత్రం ఆడకపోతే భయం లేదు, ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర చాలు, అందులో ఒకరు బ్యాంకు ఆఫీసర్ అయ్యుండాలి.

వైద్యం సంగతి వేరే కాగితం. బాగయ్యే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దనుకుంటే అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్ రాయొచ్చు, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో ఇంకా సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్, తన తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్ల పేర్లు, ఒకరి కంటే ఎక్కువమందిని రాయొచ్చు.

ఏమీ చేయకుండానే కోమాలోకి వెళ్లిపోతే గార్డియన్‌గా పెట్టమని హైకోర్టులో రిట్ వేసుకోవాలి, లాయరు, మెడికల్ రిపోర్టులు, వాయిదాలు, పక్కన మంచం మీద మనిషి. మేం ఆ దారిలోనే వెళ్లాం, అందుకే ఇంతగా చెప్తున్నా.

అమ్మవన్నీ మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు చేయించాం, ఒక కాపీ బీరువాలో, ఒకటి ఆవిడ డాక్టర్ దగ్గర, ఫోటో తీసి చెల్లికీ పంపించాను.