‘ది లంచ్‌బాక్స్’ లాంటి నెమ్మదైన ప్రేమకథను ఎలా చూడాలి?

రితేశ్ బత్రా 2013లో తీసిన ‘ది లంచ్‌బాక్స్’లో ఇద్దరు అపరిచితులు క్యారేజీలో చీటీలు పెట్టుకుంటూ దగ్గరవుతారు. డ్యూయెట్లు లేవు, ఇంటర్వెల్ బ్యాంగ్ లేదు. ‘ఏమీ జరగట్లేదే’ అని చాలామంది అరగంటకే ఆపేస్తారు. నాకు నిజంగా బాధేస్తుంది. ఈసారి ఇలా చూసి చూడండి.

ముందు కడుపు నిండా తినండి, లేకపోతే ధ్యాసంతా కూరల మీదకే పోతుంది. నిడివి రెండు గంటల లోపే, కాబట్టి ఒకే విడతలో చూసేయండి. హిందీ, ఇంగ్లీషు కలిసి ఉంటాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఫోన్ పక్క గదిలో ఉంచండి.

ఇక క్యారేజీని వదలకుండా చూడండి, కథంతా అందులోనే ఉంది. ఇల (నిమ్రత్ కౌర్) భర్త ఆఫీసుకి కట్టి పంపిన క్యారేజీ, దాన్ని మోసుకెళ్లే డబ్బావాలా పొరపాటుతో వేరే ఆఫీసులో సాజన్ (ఇర్ఫాన్ ఖాన్) బల్ల మీదకు చేరుతుంది. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషి, భార్య పోయింది. సాయంత్రం గిన్నెలు ఖాళీగా తిరిగొస్తే ఇల మురిసిపోతుంది. భర్త ఇంటికొచ్చి, ఇల వండని కాలీఫ్లవర్ బాగుందంటాడు. అప్పుడు ఆమె ముఖం చూడండి, నోటితో ఒక్క మాటా అనదు. మర్నాడు చీటీ రాసి క్యారేజీలో పెడుతుంది. జవాబులో థాంక్స్ ఉండదు, ఉప్పెక్కువైందని మాత్రం ఉంటుంది. మొదటిసారి నాకు కోపమొచ్చింది. తర్వాత తట్టింది: ఉప్పెక్కువైందన్నాడంటే ఆమె వంటను రుచి చూసి తిన్నవాడు ఒకడున్నాడు. ఆ ఇంట్లో ఆమెకు లేనిది అదే. తర్వాత ఆమె కారం దట్టించి పంపుతుంది. నా లెక్కలో ప్రేమ మొదలైంది అక్కడే!

పై అంతస్తు ఆంటీని చెవులతో చూడాలి. భారతీ ఆచ్రేకర్ గొంతు వినిపిస్తుంది, తాడు కట్టిన బుట్ట కిందికి దిగుతుంది, మనిషి మాత్రం ఎక్కడా కనబడదు. అయినా ఇల వంటింట్లో ఆవిడ ఉన్నట్టే ఉంటుంది.

ఇల, సాజన్ కలుద్దామనుకున్న రెస్టారెంట్ సీన్‌లో టెన్షన్ పడి ఫార్వర్డ్ చేయకండి. ఆమె ఎదురుచూస్తున్నంతసేపూ మీరూ కూర్చోండి. అతను ఎందుకలా చేశాడో తర్వాత ఉత్తరంలో చెబుతాడు, అప్పటిదాకా అతన్ని తిట్టుకోవద్దు.

సినిమా అయిపోగానే ముగింపుకి అర్థమేంటని యూట్యూబ్‌లో వెతక్కండి. పక్కన కూర్చుని చూసినవాళ్లనే అడగండి, వాళ్లిద్దరూ కలుస్తారంటారా అని. నేనైతే కలుస్తారనే అంటాను.