వాచీతో ఈత – 3వ పాఠం: అధిక మాసాలు, క్షయ మాసాలు

పట్టీ ఎంత బిగించాలో, నీళ్ళలోకి దిగేముందు స్క్రీన్ ఎందుకు లాక్ చేయాలో పోయిన రెండు పాఠాల్లో అయిపోయింది. ఇవాళ లెక్క, అంటే పూల్‌లో గోడ నుంచి గోడకి ఎన్నిసార్లు ఈదామో చేతికున్న స్మార్ట్‌వాచీ లెక్కపెట్టే సంగతి. మీరు ఇరవై ఈదితే వాచీ ఒక్కోసారి ఇరవై ఒకటి అంటుంది, ఒక్కోసారి పద్దెనిమిదే అంటుంది. ఎందుకంటుందో, ఆ తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత ఎలా పట్టుకోవాలో, అసలు జరగకుండా మనం ఏం చేయొచ్చో చూద్దాం. మీ వాచీ ఏ కంపెనీదైనా ఫరవాలేదు.

ముందు ఒక మాట సర్దుకుందాం. ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్తే ఒక లెంగ్త్. ల్యాప్ దగ్గరే గొడవ. వెళ్ళి తిరిగొస్తే ల్యాప్ అని కొందరంటారు, ఒకవైపు వెళ్తేనే ల్యాప్ అని ఇంకొందరంటారు. బెంగళూరులో నేను వెళ్ళే ఆరింటి బ్యాచ్‌లో ఇద్దరు "ఇవాళ నలభై కొట్టా" అన్నారంటే ఒకాయన ఈదింది రెండో ఆయన ఈదినదానికి రెట్టింపు అయ్యుండొచ్చు, ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు. అందుకని ఈ పాఠం మొత్తం లెంగ్త్ అనే అంటాను. వాచీలు లోపల లెక్కపెట్టుకునేదీ అదే.

ఇక నా పరువు పోయిన కథ. వైట్‌ఫీల్డ్ వైపు మా అపార్ట్‌మెంట్ పూల్‌లో, కొత్త వాచీ కట్టుకున్న మొదటి నెలలోనే, ఒకరోజు ఏకంగా 1,600 మీటర్లు ఈదేశాను. ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడితే నెల్లూరు నుంచి బాబాయి చప్పట్లు, అత్తయ్య దిష్టి తీసుకోమని సలహా, అంతా బ్రహ్మాండంగా ఉంది. మా తమ్ముడు మాత్రం "అన్నయ్యా, మీ పూల్ పొడవెంత?" అని ఒక్క ప్రశ్న వేశాడు. ఏమో, పాతిక మీటర్లు ఉంటుందిలే అన్నాను. వాచీలో ముందే 25 అని ఉంది, నేను దాని జోలికి పోలేదు. ఆదివారం ఎలక్ట్రీషియన్ దగ్గర పెద్ద టేపు అడిగి తెచ్చి కొలిస్తే పద్దెనిమిది మీటర్లే! ఆ రోజు ఈదిన 64 లెంగ్తుల్లో వాచీ పాపం ఒక్కటి కూడా తప్పు పోలేదు. కానీ 64ని 25తో గుణిస్తే 1,600, పద్దెనిమిదితో గుణిస్తే 1,152. మిగతా 448 మీటర్లు నేను వాట్సాప్‌లో ఈదాను.

ఇక్కడే అసలు విషయం ఉంది. పూల్‌లో వాచీకి దూరం తెలీదు. రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు జీపీఎస్ ఉంటుంది, పూల్ మోడ్‌లో దాన్ని వాడదు, ఎందుకంటే ఆ సిగ్నల్ నీళ్ళలోకి రాదు, చెయ్యేమో సగంసేపు నీళ్ళలోనే ఉంటుంది. సముద్రంలో ఈదేవాళ్ళకి మణికట్టు పైకి లేచిన ప్రతిసారీ వాచీ కాస్త సిగ్నల్ అందుకుంటుంది కాబట్టి ఫ్రీస్టయిల్‌లో బండి నడుస్తుంది, చేతులు నీళ్ళలోనే ఉండే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో తడబడుతుంది. పూల్‌లో మాత్రం అది చేసేది ఒక్కటే, గోడలు లెక్కపెట్టి, మీరు చెప్పిన పొడవుతో గుణించడం. కాబట్టి పొడవు సరిగ్గా పెట్టి ఉంటే వాచీ తప్పు ఎప్పుడూ మూడు శాతమో నాలుగు శాతమో అన్నట్టు జారుడుగా ఉండదు. తప్పితే ఒక నిండు లెంగ్త్ తప్పుతుంది, లేదంటే అస్సలు తప్పదు. ఇది మనకి మంచిదే, చిల్లర తప్పు కన్నా నోటు తప్పు పట్టుకోవడం సులువు.

మరి గోడని ఎలా కనిపెడుతుంది? లోపల కదలికను పసిగట్టే సెన్సర్లుంటాయి, యాక్సెలరోమీటర్, గైరోస్కోప్ అని. ఈదుతున్నంతసేపూ మీ చెయ్యి ఒక తాళంలో తిరుగుతుంది. గోడ దగ్గరికొచ్చేసరికి ఆ తాళం ఆగుతుంది, ఒంటి దిశ మారుతుంది, కాళ్ళతో గోడని తన్నగానే ఒక ఊపు వస్తుంది, చేతులు ముందుకు చాచి జారుతున్నప్పుడు ఒకటి రెండు సెకన్లు నిశ్శబ్దం, మళ్ళీ తాళం మొదలు. ఆగడం, ఊపు, నిశ్శబ్దం, ఈ మూడూ వరసగా కనిపిస్తే వాచీ "ఇదుగో గోడ" అని ఒకటి రాసుకుంటుంది. కొన్నిట్లో దిక్సూచి కూడా ఉంటుంది కాబట్టి మీరు వెనక్కి తిరిగారా లేదా అన్నది ఇంకో సాక్ష్యం. అంతే. దానికి కళ్ళు లేవు, మీ మణికట్టు చెప్పిన మాటే నమ్ముతుంది.

సరే, వాచీని పరీక్షించాలంటే మన లెక్క మనకుండాలి కదా. ఇది అందరికీ కష్టమే, పన్నెండో పదమూడో అని సగంలో మర్చిపోతాం. ఒలింపిక్స్‌లోనే 1,500 మీటర్ల పోటీలో, అంటే యాభై మీటర్ల పూల్‌లో ముప్ఫై లెంగ్తులు, ఈతగాళ్ళకి తెలిసేలా గోడ దగ్గర నంబరు పలకలు చూపిస్తారు, చివరి రెండు లెంగ్తుల ముందు గంట కొడతారు. మనకి పలకలు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేను తెలుగు నెలలు పట్టుకున్నాను. వెళ్ళి తిరిగి వస్తే ఒక నెల. మొదటిసారి వెళ్ళి వచ్చేదాకా మనసులో చైత్రం, చైత్రం అనుకుంటూ ఉంటాను, రెండోసారి వైశాఖం. అంకెలైతే ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జారిపోతాయి, ఆషాఢానికీ శ్రావణానికీ మధ్య మాత్రం ఎవరికీ అనుమానం రాదు. పాతిక మీటర్ల పూల్‌లో నెలకి యాభై మీటర్లు, ఫాల్గుణం అయ్యేసరికి ఆరువందలు. నెలలు నోటికి రాకపోతే ఏడుకొండల పేర్లు పెట్టుకోండి, ఏదో ఒక వరస కావాలి, అంతే. గట్టు మీద చింతగింజలు పెట్టి జరిపే పద్ధతి కూడా చూశాను కానీ ప్రతిసారీ ఆగి చెయ్యి చాపడం వల్ల వాచీ ఇంకా గందరగోళపడుతుంది.

నెలలు పెట్టుకున్నాక వాచీ తప్పులకి పేర్లు వాటంతట అవే వచ్చాయి. లేని లెంగ్త్ ఒకటి ఎక్కువ రాస్తే అధిక మాసం. 2023లో రెండు శ్రావణాలు వచ్చినట్టు. ఉన్న లెంగ్త్‌ని మింగేస్తే క్షయ మాసం. పంచాంగంలో క్షయ మాసం చాలా అరుదు, వాచీలో అంత అరుదేం కాదు.

అధిక మాసం ఎప్పుడొస్తుందంటే, మధ్యలో మీరు గోడ దగ్గర చేసే పని ఏదైనా చేసినప్పుడు. ఎదురుగా ఒక పిల్లాడు అడ్డం పడ్డాడు, ఆగారు, నిలబడి గాగుల్స్‌లో నీళ్ళు తీశారు, నేలని తన్ని మళ్ళీ బయల్దేరారు. ఆగడం, ఊపు, నిశ్శబ్దం, మూడూ అయ్యాయి. వాచీ దృష్టిలో అది గోడే. ఫ్రీస్టయిల్‌లో వెళ్తూ సగంలో అలిసిపోయి బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మారినా ఇదే ప్రమాదం, చేతి తాళం ఒక్కసారిగా మారిపోతుంది కదా. వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పూల్ సాయంత్రం పూట చింతామణి సంతలా ఉంటుంది, అప్పుడొచ్చే లెక్కల్ని నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. పొద్దున వెళ్ళండి, డిసెంబర్‌లో నీళ్ళు గడ్డకట్టినట్టుంటాయి నిజమే, కానీ దారి ఖాళీగా ఉంటుంది.

మందు తేలికే: మొదలుపెట్టిన స్ట్రోక్‌లోనే గోడ దాకా వెళ్ళండి, మారాలంటే గోడ దగ్గర మారండి. తప్పనిసరిగా మధ్యలో ఆగితే ఫలానా మాసంలో ఆగాను అని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

క్షయ మాసానికి కారణం మాత్రం ఎక్కువసార్లు మనమే. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు గోడని వేళ్ళతో ముట్టుకుని, అలా నీళ్ళలో నడిచినట్టు తిరిగి, ఊపు లేకుండా మళ్ళీ చేతులు వేయడం మొదలుపెడతారు. వాచీకి తాళం కొంచెం నెమ్మదించినట్టు అనిపిస్తుంది కానీ గోడ కనిపించదు, రెండు లెంగ్తుల్ని కలిపి ఒకటి చేసేస్తుంది. గోడని రెండు పాదాలతో గట్టిగా తన్ని, చేతులు రెండూ తల ముందుకు చాచి, మనసులో "ఒకటి, రెండు" అనుకునేదాకా జారి, అప్పుడు మొదటి చెయ్యి వేయండి. ఇది వాచీ కోసం చెబుతున్నాను కానీ కోచ్ చెప్పేదీ ఇదే, ఆ జారుడులో వచ్చే వేగం చేతులతో రాదు. ఫ్లిప్ టర్న్, అంటే గోడ దగ్గర నీళ్ళలోనే పల్టీ కొట్టి తిరగడం, వచ్చినవాళ్ళకి ఈ బాధ తక్కువ.

కిక్‌బోర్డు పట్టుకుని కాళ్ళే ఆడిస్తే చాలా వాచీలకి అసలు ఈదుతున్నట్టే తెలీదు, చెయ్యి కదలదు మరి. ఆపిల్ వాచీలో 2022లో వచ్చిన వాచ్‌ఓఎస్ 9 సాఫ్ట్‌వేర్ నుంచి కిక్‌బోర్డుని గుర్తుపట్టే ఏర్పాటు ఉంది. గార్మిన్ కంపెనీ వాచీల్లో డ్రిల్ అని విడిగా పెట్టి, అయ్యాక ఎంత ఈదామో మనమే రాసుకోవచ్చు. ఇంకోటి, పూల్ మరీ పొట్టిదైతే, పన్నెండు మీటర్లలాంటిదైతే, ఊపు పోను మిగిలేది నాలుగైదు చేతులే, తాళం కుదిరేలోపే గోడ వచ్చేస్తుంది. అలాంటి పూల్‌లో వాచీని తిట్టి లాభం లేదు.

పొడవు కొలిచేటప్పుడు మీరు ఈదే గీత మీదే, నీళ్ళున్న గోడ నుంచి గోడకి కొలవండి, గట్టు పలకలు కలపకండి, మెట్లున్న వైపు అసలు వద్దు. టేపు దొరక్కపోతే గట్టు పక్కన టైల్ ఒకటి కొలిచి ఎన్ని టైల్సో లెక్కపెట్టండి. వాచీలో గజాలు అని ఉందేమో కూడా చూడండి, 25 గజాలంటే 22.86 మీటర్లే, నలభై లెంగ్తులకి 85 మీటర్ల పైనే తేడా వస్తుంది. సెంటీమీటర్ల కోసం మాత్రం కొట్టుకోవద్దు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో నాలుగు రకాల స్ట్రోకులూ వరసగా ఈదే 400 మీటర్ల మెడ్లేలో గున్నార్ లార్సన్ టిమ్ మెకీని సెకనులో వెయ్యింట రెండు వంతుల తేడాతో గెలిచాడు. దూరంలో చూస్తే సుమారు మూడు మిల్లీమీటర్లు. పూల్‌లో ఒక్కో వరస గోడనే అంత కచ్చితంగా కట్టలేరు కదా అని తర్వాత సెకనులో వందో వంతు దాకానే చూడటం మొదలుపెట్టారు. వాళ్ళకే లేని పట్టింపు మనకెందుకు.

ఇక తప్పు పట్టుకోవడం. ఈత అయ్యాక ఫోన్‌లో యాప్ తెరిచి మొత్తం దూరం చూసి మూసేయకండి, లోపల ఒక్కో లెంగ్త్‌కి పట్టిన సమయం, చేతుల సంఖ్య ఉండే పట్టిక వెతకండి. వాచీ ఉన్న చెయ్యి ఒక చుట్టు తిరిగితే ఒకటి అన్నమాట, రెండు చేతులకీ కలిపి కాదు. మొన్న శనివారం పాతిక మీటర్ల పూల్‌లో నా పట్టికలో కొంత భాగం ఇలా ఉంది: 32 సెకన్లు, 33, 34, తర్వాత 68, తర్వాత 33. చేతులు 11, 11, 12, తర్వాత 23, తర్వాత 11. మధ్యలో నేనేమీ నిద్రపోలేదు, ఆ 68 రెండు ముప్ఫై నాలుగులు. క్షయ మాసం. ఇంకాస్త కింద 33 తర్వాత 19, 15, మళ్ళీ 34 ఉంది. పంతొమ్మిదీ పదిహేనూ కలిపితే 34, చేతులు ఆరూ ఐదూ కలిపితే పదకొండు. అది అధిక మాసం, సరిగ్గా గాగుల్స్ సర్దుకున్న చోటు. ఒకటి పోయి ఒకటి వచ్చి మొత్తం మాత్రం నా లెక్కతో సరిపోయింది! మొత్తం సరిపోయినంత మాత్రాన లోపల సరిగా ఉందనుకోవద్దని అందుకే అంటున్నాను.

ఒక్క లెంగ్తే కదా అనిపిస్తుంది. ఇరవై లెంగ్తులు, ఐదువందల మీటర్లు, పదకొండు నిమిషాల్లో ఈదారనుకోండి, వంద మీటర్లకి 2 నిమిషాల 12 సెకన్లు. వాచీ ఒకటి మింగితే అది 2:19 అవుతుంది, ఒకటి కలిపితే 2:06 అవుతుంది. మీలో మార్పేమీ లేదు, కానీ ఒకరోజు దిగులు, ఒకరోజు పండగ. రెండు నెలలపాటు నేను ఆ పండగలు చేసుకున్నాను.

ఈ వారం పని. మొదటి రోజు మంచి ఊపుతో పది లెంగ్తులు, చైత్రం నుంచి శ్రావణం దాకా, ఒకటే స్ట్రోక్. రెండో రోజు కావాలనే చెడగొట్టండి: జ్యేష్ఠంలో ఒకసారి మధ్యలో ఆగండి, ఆషాఢంలో సగంలో బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మారండి, శ్రావణంలో గోడని తన్నకుండా తిరగండి. మూడో రోజు నాలుగు లెంగ్తులు కిక్‌బోర్డు. మూడు రోజుల పట్టికలూ పక్కపక్కన పెట్టుకుంటే మీ వాచీ దేనికి మోసపోతుందో, దేనికి మోసపోదో కనిపిస్తుంది, ఒక్కో వాచీది ఒక్కో బలహీనత. వీలైతే ఒకరోజు బసవనగుడి అక్వాటిక్ సెంటర్‌లాంటి యాభై మీటర్ల పూల్‌లో కూడా ఇదే చేసి చూడండి, గోడలు సగమైపోతాయి కాబట్టి తప్పడానికి అవకాశాలూ తగ్గుతాయి. వెళ్ళేముందు వాచీలో పొడవు మార్చుకోండి, తిరిగొచ్చాక మళ్ళీ పాత పొడవుకి మార్చడం మర్చిపోకండి. నేను ఒక వారం మర్చిపోయాను, తమ్ముడికి మాత్రం చెప్పలేదు.