బొమ్మ అడగడం నేర్చుకుందాం - 3వ పాఠం: ముందు దూరం, తర్వాతే లెన్సు

పోయిన పాఠంలో వెలుతురు గురించి చూశాం. ఇవాళ కెమెరా ఎక్కడుందో బొమ్మలు గీసే ఏఐకి చెప్పడం. ఉదాహరణకు ఒంగోలు గిత్తను తీసుకుందాం. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు మనకు కళ్లకు కట్టినట్టు తెలుసు కాబట్టి ఏది చెడినా ఇట్టే దొరికిపోతుంది.

చాలామంది "ఒంగోలు గిత్త, 24 ఎంఎం లెన్సు" అని రాసి ఊరుకుంటారు. (ఎంఎం అంకె చిన్నదైతే లెన్సు ఎక్కువ వెడల్పు చూపిస్తుంది, అది వైడ్ యాంగిల్. పెద్దదైతే దూరంలోది దగ్గరగా చూపిస్తుంది, అది టెలిఫోటో.) మూతి గుమ్మడికాయలా ఉబ్బి, మూపురం ఎక్కడో వెనక్కి పోయిన బొమ్మ రావచ్చు. నిజం కెమెరాలో అలా జరిగేది లెన్సు వల్ల కాదు, దగ్గరికి వెళ్లడం వల్ల. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (లోపలి సెన్సరు పాత ఫిల్ము రీలు ఫ్రేమంత ఉండేది) 24 ఎంఎం పెట్టి గిత్త తలతో ఫ్రేము నింపాలంటే అడుగున్నర దూరంలోకి వెళ్లాలి. మూతికి, మూపురానికి మధ్య నాలుగడుగులు అనుకోండి. మూతితో పోలిస్తే మూపురం ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతుకు పడిపోతుంది. అదే తలను 200 ఎంఎంతో తీయాలంటే దాదాపు పన్నెండున్నర అడుగుల దూరం కావాలి. అప్పుడు మూపురం ముప్పావు వంతుకు పైగానే నిలబడుతుంది. గిత్త ఠీవి అంతా ఆ తేడాలోనే ఉంది.

ఏఐ ఈ లెక్కలేవీ వేయదు. ఫొటోలు, వాటి కింద రాసిన మాటలు కలిపి చూసి నేర్చుకుంది. "85 ఎంఎం" అంటే దానికి గుర్తొచ్చేది మనిషి ముఖం, వెనక మసక. అందుకే అంకెతో పాటు కంటికి కనబడాల్సింది కూడా రాయాలి:

"దూరం నుంచి తీసిన ఫొటో, పక్క నుంచి, గిత్త మొత్తం, నాలుగు గిట్టలూ ఎర్రమట్టి మీద, కాళ్ల కింద కాస్త నేల, మూపురం పైన కాస్త ఆకాశం, వెనక పొగాకు చేను మసగ్గా, 200 ఎంఎం టెలిఫోటో."

ఇక్కడ తెలుగులో రాశాం గానీ, ఇదే ఇంగ్లీషులో ఇస్తే ఎక్కువ మోడళ్లు బాగా పట్టుకుంటాయి.

గిట్టలు తెగిపోతున్నాయా? "ఫుల్ షాట్" (తల నుంచి కాళ్ల దాకా మొత్తం) అన్న మాటొక్కటే చాలదు. ఫ్రేము అడుగు అంచున ఏముండాలో చెప్పాలి, అందుకే పైన మట్టిని రాశాం. ఇంకో కారణం కూడా ఉంటుంది. కంటి కాటుక, నుదుటి పూసలు అంటూ వివరం పెంచేకొద్దీ బొమ్మ ముఖం మీదికి జరుగుతుంది. మొత్తం గిత్త కావాలంటే పూసలు వదిలేయండి. ఫ్రేము కూడా అడ్డంగా, 3:2లో ఉండాలి. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 అనే బొమ్మల మోడల్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అది 512 పిక్సెళ్ల చదరంలో నేర్చుకున్నది. ఏకంగా 512×1024 అడిగితే ఒక మెడకు రెండు తలలు రావచ్చు. చిన్నగా చేయించి తర్వాత పెంచుకోండి.

"కెమెరా" అన్న మాట వీలైనంత వరకు వద్దు. ఒక్కోసారి రైతు చేతిలో కెమెరా పెట్టేస్తుంది. "డ్రోన్" అన్నా ఆకాశంలో డ్రోన్ ఎగరొచ్చు. "బాగా పైనుంచి చూసినట్టు" అంటే సరిపోతుంది.

మసక సంగతి. మైపాడు ఒడ్డున వరసగా పడవలు కావాలని అడిగి, అందం కోసం ఎఫ్/1.8 (లెన్సు రంధ్రం ఎంత తెరిచారో చెప్పే అంకె; చిన్నదైతే వెనక మసక ఎక్కువ) తగిలిస్తే ఒక్క పడవే స్పష్టంగా వచ్చి మిగతావి కరిగిపోతాయి. అక్కడ ఎఫ్/11 అని, "ముందు పడవ నుంచి చివరి పడవ దాకా స్పష్టంగా" అని రాయాలి. "మసక వద్దు" అని మాత్రం రాయకండి. చాలా మోడళ్లు "వద్దు"ను వదిలేసి "మసక"ను పట్టుకుంటాయి. నెగటివ్ ప్రాంప్టు పెట్టె (బొమ్మలో రాకూడనివి రాసే చోటు) ఉంటే ఆ మాటను అందులో వేయండి.

అభ్యాసం: నెల్లూరు రంగనాథస్వామి గోపురాన్ని మూడుసార్లు చేయించండి. సీడ్ నంబరు (ఏఐ బొమ్మను ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చే అంకె) మార్చొద్దు, మారిస్తే తేడా మాట వల్ల వచ్చిందో సీడ్ వల్ల వచ్చిందో తెలియదు. మొదట "గోపురం కింద నిలబడి పైకి చూస్తూ, వైడ్ యాంగిల్", తర్వాత "వీధి చివర నుంచి, కంటి ఎత్తులో", ఆఖరికి "పెన్న అవతలి ఒడ్డు నుంచి, టెలిఫోటో". మొదటి దాంట్లో గోపురం వెనక్కి వాలినట్టు, పైకి పోయేకొద్దీ మామూలు కంటే ఎక్కువ సన్నబడినట్టు రావాలి. మూడో దాంట్లో గోపురం వాలినట్టు వస్తే "నిలువు గీతలు తిన్నగా" అని చేర్చి మళ్లీ చేయించండి.