సైకిల్ గ్రిప్పులు కోయకుండానే కదపొచ్చు

హ్యాండిల్ రబ్బరు గ్రిప్పు పక్కకు తిరిగిపోయినా, బ్రేక్ లివర్ కాస్త లోపలికి జరపాలన్నా చాలామంది ముందు బ్లేడు తీస్తారు. బాగున్న గ్రిప్పును దయచేసి కోసేయకండి. సన్నగా ఉండి కొన మొద్దుగా ఉన్న పుల్లో పాత సైకిల్ చక్రం పుల్లో (స్పోక్) తీసుకుని గ్రిప్పు లోపలి అంచు కింద మెల్లగా దూర్చి, కాస్త పైకి లేపి, ఆ సందులో స్పిరిట్ గానీ (మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సబ్బు నీళ్లు గానీ నాలుగు చుక్కలు వదలండి, పుల్లను చుట్టూ తిప్పుతూ ఇంకొంచెం పోయండి. తర్వాత గ్రిప్పును గట్టిగా పట్టుకుని మెలితిప్పితే చిన్న చప్పుడుతో పట్టు వదులుతుంది, ఇక ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు.

నాకైతే స్పిరిటే మేలు, ఎందుకంటే త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి గ్రిప్పు మళ్లీ బిగుసుకుంటుంది. సబ్బు నీళ్లయితే ఒక రాత్రంతా ఆరనివ్వాలి.

నూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే మాత్రం వద్దే వద్దు. అప్పటికి సులువుగా జారుతుంది, కానీ ఆ జిడ్డు లోపలే ఉండిపోయి గ్రిప్పు చేతిలో తిరుగుతూనే ఉంటుంది, దిగుడులో బ్రేక్ వేసేటప్పుడు అలా తిరిగితే పడిపోతారు. పొరపాటున ఎవరైనా వేసి ఉంటే గ్రిప్పు పూర్తిగా తీసి, రాడ్డునూ రబ్బరు లోపలనూ స్పిరిట్‌తో తుడవండి.

గ్రిప్పు చివర చిన్న స్క్రూ కనిపిస్తే ఇవేమీ అక్కర్లేదు, ఆలెన్ కీతో (ఆరు పలకల కొన ఉన్న వంకర కీ) వదులు చేస్తే చాలు. ఎక్కే ముందు రెండు చేతులతో గట్టిగా మెలితిప్పి చూడండి, ఏమాత్రం కదిలినా ఇంకా ఆరనట్టే.